ప్రాణమా, పూట గడవడమా?

ప్రశ్న: 2020 లాక్‌డౌన్‌లో మా టిఫిన్ బండి మూతపడింది. అప్పుడు వడ్డీకి తెచ్చిన డబ్బు ఇప్పటికీ తీరలేదు. ప్రాణాలు కాపాడటానికి మావంటి వారి పొట్ట కొట్టడం న్యాయమేనా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఆవేదన న్యాయమైనది. అయినా, టీకా లేక, ఆసుపత్రుల్లో పడకలూ వెంటిలేటర్లూ చాలని స్థితిలో కొన్నాళ్లు జనసంచారాన్ని ఆపడమే తప్పని నేను అనలేను. తప్పంతా ఆపిన తీరులో ఉంది. మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటించి, నాలుగు గంటల వ్యవధిలో దేశాన్ని 21 రోజులు మూసివేసినప్పుడు, రెక్కాడితే గాని డొక్కాడని వారికి సరుకులు తెచ్చుకునే వీలు కూడా చిక్కలేదు. మనిషికి నెలకు 5 కిలోల ఉచిత ధాన్యం ఇచ్చారు. కానీ రేషన్ కార్డు సొంత ఊళ్లో, మనిషి పరాయి రాష్ట్రంలో ఉంటే అది చేతికందేదెలా? మేడ్చల్ రహదారిపై చంటిబిడ్డను భుజాన వేసుకొని, తెగిన చెప్పును తాడుతో కట్టుకొని నడుస్తున్న తల్లిని చూశాను. ఆమె నన్ను అడిగింది అన్నం కాదు, రైలు ఎప్పుడు కదులుతుందని. లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు తొలి శ్రామిక్ రైలు మే 1న గాని బయలుదేరలేదు.

మీ అప్పు విషయానికొస్తే, బ్యాంకు రుణాల వాయిదాలకు రిజర్వు బ్యాంకు ఆగస్టు దాకా విరామం ఇచ్చింది గానీ, వడ్డీ వ్యాపారి వద్ద తెచ్చిన డబ్బుకు అది వర్తించలేదు. జూన్‌లో వీధి వ్యాపారులకు స్వనిధి పథకం కింద ఇవ్వజూపిన 10,000 రూపాయలూ అప్పే. ఇంట్లో ఉండమన్న ప్రభుత్వం, ఆ రోజుల సంపాదనలో కొంతైనా తిరిగి చెల్లించవలసింది.