అగ్నిపర్వతాలు చదవబోతున్న మా అమ్మలుకి

టెక్కలి

అమ్మలూ,

నీకు డెహ్రాడూన్‌లో రిమోట్ సెన్సింగ్ సీటు వచ్చిందనీ, అగ్నిపర్వతాల మీదే పని చేస్తానంటున్నావనీ మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం సగం, భయం సగం. మీ అమ్మ మాత్రం ధీమాగా ఉంది. "మన గుంట ఆకాశంలోంచి తీసిన ఫొటోలే కద బావగారూ చూస్తాది, దగ్గరికెల్లే పనేటుంది?" అంది. ఉందని ఆవిడతో అనలేకపోయాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. కంప్యూటర్‌కి పని చెప్పే పైథాన్ భాష నేర్చుకో. ఫిజిక్స్‌లో తరంగాల పాఠం మళ్ళీ చదువు. అక్కడి చలికి మన దుప్పట్లు ఆగవు, మంచి స్వెటర్ కొనుక్కో.

ఇక అసలు విషయం. వెళ్ళగానే నీకు రంగురంగుల వలయాల బొమ్మ చూపిస్తారు. ఒకే నేలని ఉపగ్రహం రెండు వేర్వేరు రోజుల్లో రాడార్‌తో చూస్తే వచ్చిన తేడా అది. ఐరోపావాళ్ళ సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహం లెక్కలో ఒక్కో రంగుల చుట్టు సుమారు 2.8 సెంటీమీటర్ల కదలిక. కొండ చుట్టూ ఆ వలయాలు కనబడగానే, లోపల మాగ్మా, అంటే కరిగిన రాయి, చేరి కొండ ఉబ్బుతోందని రాసేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగు.

1995లో ఇటలీలోని ఎట్నా అగ్నిపర్వతం మీద అలాంటి వలయాలే చూపించి, కొండ కుంగిందని పెద్ద పత్రికలో రాశారు. కొన్నేళ్ళకి వేరేవాళ్ళు ఈఆర్‌ఎస్ అనే ఐరోపా ఉపగ్రహాల అలాంటి రాడార్ చిత్రాల్నే మళ్ళీ తిరగేస్తే, ఆ వలయాల్లో చాలావాటికి గాలే కారణమని తేలింది. ఎట్నా సుమారు 3,300 మీటర్ల ఎత్తు. దాని అడుగున ఉన్న ఊరి మీద గాలి దట్టం, శిఖరం మీద పల్చన. ఒక రోజు పొడిగా, ఇంకో రోజు తేమగా ఉంటే రాడార్ తరంగం అడుగున ఎక్కువ ఆలస్యమవుతుంది, పైన తక్కువ. ఆ తేడా కొండ ఎత్తుని పట్టుకుని వలయాలుగా పడుతుంది. నేల వెంట్రుకవాసి కదలకపోయినా సరే! వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు తల్లీ, ఆ విద్య అప్పటికి కొత్త. ఇన్నేళ్ళ తరవాత నువ్వూ అదే చేస్తే మాత్రం ఊరుకోను.

రెండు తేదీల చిత్రాలు కలిస్తే ఒక జత. ఒక్క జతని ఎప్పుడూ నమ్మకు. ప్రతి తేదీనీ మరో నాలుగు తేదీలతో కలిపి చూడు. ఒక తేదీ ఉన్న జతల్లోనే వలయాలు వస్తుంటే దోషం ఆ రోజు గాలిది. నేల కదలికని అక్కడే కొలిచే జీపీఎస్ ఏమంటోందో అడుగు. సముద్రం మీంచి వచ్చే ఉక్క పూటపూటకీ ఎలా మారుతుందో భావనపాడులో పెరిగినదానివి, నీకు చెప్పాలా? 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నిసార్ ఉపగ్రహంలో నాసా ఎల్-బ్యాండ్ రాడార్, అంతకన్నా పొట్టి తరంగాల ఇస్రో ఎస్-బ్యాండ్ రాడార్ రెండూ ఉన్నాయి. ఎల్-బ్యాండ్ పొడుగు తరంగం ఆకుల్ని దాటి నేలని తాకుతుంది కాబట్టి అడవి కప్పిన కొండలకి అది వరం. తేమ తెచ్చే ఆలస్యం మాత్రం ఏ బ్యాండ్‌కైనా అంతే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, తప్పు హెచ్చరిక ఏం చేస్తుందో చూశాను. నా చిన్నప్పుడు తుపానొస్తుందని ఊరందర్నీ బడిలో చేర్చారు. అది ఒడిశా వైపు తిరిగిపోయింది. తరవాతి సారి పిలిస్తే మా మేనత్త గడప దిగలేదు. "ఎన్నిసార్లు తిప్పుతార్రా, నాను రాను" అని ఆవు పలుపు పట్టుకుని కూర్చుంది. ఆ రాత్రి గోడ కూలింది. మనిషి దక్కింది, ఆవు దక్కలేదు. కొండ కింద ఊళ్ళవాళ్ళూ అలాంటివాళ్ళే. నీ బొమ్మని నమ్మి ఎవరో వాళ్ళని అర్ధరాత్రి లేపుతారు.

భూమ్మీద ఇలా సరిచూసుకోవచ్చు. శుక్రగ్రహం మీది అగ్నిపర్వతాల దగ్గర జీపీఎస్ లేదు, అడగడానికి మనిషీ లేడు. నాసా మెజెలాన్ నౌక 1991 ఫిబ్రవరిలో అక్కడి మాట్ మోన్స్ అగ్నిపర్వతాన్ని ఒక వైపు నుంచి, అక్టోబరులో ఇంకో వైపు నుంచి చూసింది. చూసిన కోణం మారితే రాడార్‌లో అదే కొండ వేరే కొండలా ఉంటుంది. అందుకే ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి, లావా బిలం సుమారు 2.2 చదరపు కిలోమీటర్ల నుంచి 4కి పెరిగిందని హెరిక్, హెన్స్‌లీ అనే శాస్త్రవేత్తలు చెప్పేసరికి 2023 వచ్చింది. బిలం ఆకారం మారిందా, చూపు మారిందా అని ముందు తేల్చుకున్నారు. ఆ ఓపిక నీకు కావాలి. పాత డేటా అని ఎవరైనా పక్కన పడేస్తే నువ్వు తీసుకో.

నా భయం కూడా చెప్పేస్తాను. 1993లో కొలంబియాలో గలేరాస్ అగ్నిపర్వతం పేలినప్పుడు బిలం దగ్గరున్న ఆరుగురు శాస్త్రవేత్తలు, ముగ్గురు సందర్శకులు చనిపోయారు. నేల మీద కొలవడానికి నువ్వూ వెళ్ళాలి, వెళ్ళొద్దనను. బిలం అంచు మీద ఫొటోల కోసం ఆగకు. వెనక్కి రమ్మంటే వాదించకుండా వచ్చెయ్. అండమాన్‌లో అగ్నిపర్వతమున్న బారెన్ ద్వీపానికి తీసుకెళ్తామంటే పడవ ఎక్కే ముందు నాకు ఫోన్ చెయ్యి. నెల ముందే చెబితే మీ అమ్మకి నేను నచ్చజెబుతాను.

రాడార్ చిత్రాలు చిన్న కంప్యూటర్లో కదలవు. నాన్న ఖాతాలో డబ్బులు వేశాను. ధర చూడకు, ర్యామ్ ఎక్కువున్న ల్యాప్‌టాప్ తీసుకో.

మీ పెదనాన్న