పల్సర్‌కి లావు టైరు: బోనస్‌లో ఎంత పెట్టొచ్చు?

ప్రశ్న: నమస్తే సార్. మాది చంద్రగిరి. రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తాను, చేతికి 24 వేలు వస్తుంది. నాది 2017 మోడల్ పల్సర్ 150, ఒక డిస్క్ బ్రేకు ఉన్నది. వెనక టైరు బాగా అరిగిపోయింది, దాని మీద 100/90-17 అని ఉంది. దసరాకి 9 వేలు బోనస్ వచ్చింది. మా బావమరిది 130/70 వేయించుకో, లుక్కు మారిపోతుంది, గ్రిప్పు కూడా బాగుంటుంది అంటున్నాడు. దానికి 3,800 చెప్పారు, మూడు కంతుల్లో కట్టొచ్చట. షాపతను 120/80 చూపించాడు, 3,000. కంపెనీ సైజు 2,300. మా నాన్నేమో 90/90 వేస్తే 1,800లో అయిపోతుంది కదా అంటారు. నెలకోసారి నేనూ నా భార్యా బండి మీదే తిరుమల కొండకు వెళ్తాం. ఇన్సూరెన్స్ ఈ నెలాఖరుకు అయిపోతుంది, దాని సంగతి తర్వాత చూద్దామనుకుంటున్నాను. ఏ టైరు వేయించమంటారు?

జవాబు: 100/90-17 వేయించండి. ఇప్పుడున్న సైజే. కాస్త లావుగా కనబడాలన్న కోరిక బలంగా ఉంటే 110/80-17 దాకా వెళ్లండి, అంతకు మించి వద్దు. ఇంకొకటి, ఉత్తరం చివర్లో మాట వరసకు రాసినట్టు రాశారే ఇన్సూరెన్స్ సంగతి, అసలు మొదట కట్టాల్సింది అదే, దాని గురించి కింద చెప్తాను.

ముందు ఆ అంకెలు అర్థం చేసుకుందాం, ఎందుకంటే షాపులో ఎవరేం చెప్పినా మీరే లెక్క వేసుకోగలగాలి. 100 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 90 అంటే టైరు పక్క గోడ ఎత్తు, అయితే అది మిల్లీమీటర్లు కాదు, వెడల్పులో శాతం, అంటే 100లో 90 శాతం, 90 మిల్లీమీటర్లు. 17 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో, అంటే 432 మిల్లీమీటర్లు. రిమ్ముకు పైనొకటి, కిందొకటి రెండు పక్క గోడలూ కలిపితే చక్రం మొత్తం ఎత్తు 612 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. ఇదే లెక్కన 110/80-17 వేస్తే 608, 130/70-17 వేస్తే 614, 120/80-17 వేస్తే 624. ఎత్తు చూస్తే 130/70 మీ పాత టైరుకు దాదాపు సమానంగానే ఉంది, అందుకే మీ బావమరిది లాంటివాళ్లు "ఎత్తు సరిపోయింది, కరెక్ట్‌గా కూర్చుంటుంది" అని నమ్మకంగా చెప్తారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, కానీ చూడాల్సిన రెండో సంగతి వదిలేస్తున్నారు. అది రిమ్ము వెడల్పు.

రిమ్ము మీద, చువ్వల దగ్గర, పోతపోసిన అక్షరాల్లో 17 తర్వాత 2.15 అనో 2.50 అనో ఒక అంకె ఉంటుంది. మట్టి పట్టి ఉంటే తడిగుడ్డతో తుడిచి చూడండి. అది రిమ్ము లోపలి వెడల్పు, అంగుళాల్లో. ప్రతి టైరుకీ ఏ వెడల్పు నుంచి ఏ వెడల్పు దాకా రిమ్ము పనికొస్తుందో టైరు కంపెనీలు చార్టు ఇస్తాయి. 100/90, 110/80 సైజులు ఇలాంటి సన్న రిమ్ముల కోసమే చేసినవి. 130 టైరుకు ఇంతకంటే బాగా వెడల్పైన రిమ్ము కావాలి, మామూలుగా మూడు అంగుళాలకు పైన. సన్న రిమ్ములో దాన్ని ఇరికిస్తే రెండు అంచులూ లోపలికి నొక్కుకుపోయి, టైరు నడుమ భాగం ఉబ్బి గుండ్రంగా తయారవుతుంది. అప్పుడు తిన్నగా పోయేటప్పుడు రోడ్డుకు తగిలేది నడుమ ఉన్న సన్నటి పట్టీ మాత్రమే. అదే ముందు అరుగుతుంది. వెడల్పు కోసం 1,500 ఎక్కువిచ్చి, ఆ వెడల్పు రోడ్డుకు తగలకుండానే టైరు మార్చే రోజు వస్తుంది. గ్రిప్పు పెరుగుతుందన్న మాట ఇక్కడే తేలిపోతుంది. మలుపులో బండిని వంచేటప్పుడు కూడా బరువుగా, మొండిగా అనిపిస్తుంది. చెయిన్ వైపూ, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ వైపూ సందు తగ్గిపోయి, గుంతలో పడ్డప్పుడు రాసుకునే ప్రమాదం వేరే.

120/80 గురించి షాపతను పూర్తిగా తప్పు చెప్పలేదు. బజాజ్ వాళ్లే 2018లో రెండు డిస్కుల పల్సర్ 150 తెచ్చినప్పుడు దానికి వెనక 120/80-17 ఇచ్చారు. అయితే ఉత్త టైరు మార్చి ఊరుకోలేదు, ముందు ఫోర్కులు, స్వింగార్మ్, వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) అన్నీ మార్చారు. మీది ఆ బండి కాదు. మీ బండికి అది వేస్తే ఎత్తు రెండు శాతం పెరుగుతుంది, పికప్ కొంచెం మందగిస్తుంది. పడితే పట్టొచ్చు, కానీ 700 ఎక్కువ పెట్టి మీకు కలిసొచ్చేది ఏమీ లేదు.

ఇక నాన్నగారి మాట. పొదుపు కోసం చెప్పారు, కాదనను, కానీ ఈ ఒక్క చోట ఆ 500 మిగుల్చుకోవద్దు. సైజు పక్కనే 55P లాంటి గుర్తు ఉంటుంది చూడండి. 55 అంటే ఆ టైరు మోయగలిగే బరువు 218 కిలోలని, P అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం దాకా అని. 90/90-17 మీద సాధారణంగా 49 ఉంటుంది, అంటే 185 కిలోలు. మీ బండి బరువే 145 కిలోల దగ్గర ఉంటుంది, మీరిద్దరూ కలిసి ఒక 130 అనుకుందాం, ఇంకో పది కిలోల సంచి. మొత్తం 285. వెనక మనిషి కూర్చున్నప్పుడు అందులో మూడింట రెండు వంతుల దాకా వెనక చక్రం మీదే పడుతుంది, అంటే 190. అంటే 49 టైరు అప్పటికే తన హద్దు దాటిపోయింది, 55కి ఇంకా కాస్త ఊపిరి ఉంది.

ఇప్పుడు కొండ సంగతి. మీకు తెలియనిది కాదు, ఎక్కేది 1974లో వేసిన రెండో ఘాట్‌లో, దిగేది 1944 నాటి పాత ఘాట్‌లో. ఆ పాతదాంట్లోనే హెయిర్‌పిన్ మలుపులు ఎక్కువ. ఇద్దరు కూర్చుని, బ్రేకు మీద కాలు పెట్టే ఉంచి, ఒక మలుపులోంచి ఇంకో మలుపులోకి వంచుకుంటూ దిగే దారి అది. అక్కడ కావాల్సింది లావు కాదు, గాడి లోతు, సరైన గాలి, వంచితే మాట వినే టైరు. ఈశాన్య రుతుపవనాలు మన తిరుపతి వైపు అక్టోబరు, నవంబరు నెలల్లోనే గట్టిగా కొడతాయి, కాబట్టి దీపావళి ఆఫర్ వస్తుందేమో చూద్దాం అని ఆగొద్దు. చట్టం ప్రకారం రెండు చక్రాల బండి టైరుకు గాడి లోతు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. టైరు పక్కన చిన్న త్రికోణమో TWI అన్న అక్షరాలో ఉన్న చోటికి తిన్నగా పైకి చూస్తే గాడి లోపల ఒక చిన్న దిమ్మె కనిపిస్తుంది. టైరు దాని మట్టానికి అరిగితే పని అయిపోయినట్టే. మీరు "బాగా అరిగిపోయింది" అన్నారంటే ఈ వారంలోనే మార్చేయండి, అప్పటిదాకా కొండకు వెళ్లొద్దు.

డబ్బుల లెక్కకు వద్దాం. మీరు రోజూ చంద్రగిరి నుంచి రేణిగుంటకు వెళ్లి వస్తారు, అటూ ఇటూ కలిపి ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తేలిగ్గా అవుతుంది. లావు టైరుతో మైలేజీ 45 నుంచి 42కి తగ్గిందనుకోండి, అంటే ఏడాదికి 24 లీటర్ల పెట్రోలు ఎక్కువ. లీటరు 110 లెక్కన 2,600 పైమాటే, అంటే ఒక కొత్త కంపెనీ సైజు టైరు డబ్బు. ఎవరూ ఈ ఖర్చును టైరు ఖాతాలో రాసుకోరు, బంకులో యాభై, వంద చొప్పున పోతుంది కాబట్టి కనబడదు. ఇక చేతిలో 9 వేలు ఉండగా 3,800 వస్తువును కంతుల్లో కొనడం అసలు వద్దే వద్దు. వడ్డీ లేదంటారు, ప్రాసెసింగ్ ఫీజు అని ఒకటుంటుంది, ఒక కంతు ఆలస్యమైతే పెనాల్టీ ఇంకొకటి, సిబిల్‌లో మచ్చ మరొకటి. రేపు ఇంటికో పిల్లల చదువుకో లోన్ కావాల్సినప్పుడు ఆ టైరు కంతు గుర్తొస్తే ఎంత బాధగా ఉంటుందో ఆలోచించండి.

ఇన్సూరెన్స్: మీ బండి 150 సీసీ లోపే కాబట్టి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు, 2022 జూన్ నుంచి ఉన్న రేటు ఇది, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 843. దీనికి తోడు యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి. మీకు ఇప్పటికే వేరేగా అంత మొత్తానికి ప్రమాద బీమా ఉంటే మళ్లీ తీసుకోనక్కర్లేదు. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి 2,000 జరిమానా, రెండోసారి 4,000. కానీ నా భయం జరిమానా గురించి కాదు. మీ బండి తగిలి ఎవరికైనా ఏమైనా అయితే ట్రిబ్యునల్ వేసే పరిహారం మీ 24 వేల జీతంలోంచి ఏళ్ల తరబడి కట్టాల్సి వస్తుంది. ఒక్కరోజు కూడా గ్యాప్ ఉండనివ్వకండి. బండికి దెబ్బ తగిలితే డబ్బొచ్చే ఓన్ డ్యామేజ్ పాలసీ తీసుకునే ఉద్దేశం ఉంటే, కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా టైరు సైజు మార్చడం క్లెయిమ్ సమయంలో సర్వేయర్ ప్రశ్నించడానికి చోటిస్తుంది, 130 వద్దనడానికి అదీ ఒక కారణం.

కాబట్టి 9 వేలు ఇలా పంచుకోండి. ఇన్సూరెన్స్, ప్రమాద బీమా కలిపి 1,200 అటూ ఇటూ పక్కన పెట్టండి. టైరు, కొత్త వాల్వు, బిగింపు కూలీ కలిపి 2,500. చక్రం ఎలాగూ విప్పుతారు కాబట్టి వెనక బ్రేక్ షూలు, హబ్ రబ్బర్లు, చెయిన్ స్ప్రాకెట్ పళ్లు కూడా దగ్గరుండి చూపించమనండి, పళ్లు మొనదేలి ఉంటే ఇప్పుడే మార్చేస్తే రెండోసారి కూలీ తప్పుతుంది. దానికి 1,800 దాకా ఉంచుకోండి. మిగిలిన మూడున్నర వేలు బ్యాంకులో వేసి ముట్టుకోకండి. వచ్చే నెల నుంచి జీతం పడిన మర్నాడే నెలకు 500 చొప్పున ఏడాది రికరింగ్ డిపాజిట్ పెట్టండి. బండి పేరు చెప్పుకుని పెట్టండి, సర్వీసు, ఇన్సూరెన్స్, తర్వాతి టైరు అన్నీ అందులోంచే. అప్పుడు టైరు అరిగిందంటే టెన్షన్ ఉండదు, బోనస్ కోసం ఎదురుచూపూ ఉండదు.

కొనేటప్పుడు రెండు మూడు జాగ్రత్తలు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి, ట్యూబ్‌లెస్ అని రాసి ఉండాలి. పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2325 అంటే 2025లో 23వ వారం తయారైందని. ఏడాది దాటిన సరుకు అంటగడితే వద్దనండి, లేదా ధర గట్టిగా తగ్గించమనండి. బిల్లు తప్పకుండా తీసుకోండి, వారంటీ దాని మీదే నడుస్తుంది. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, షాపువాళ్లు పాత రేటే వేస్తున్నారేమో బిల్లులో చూడండి. మీకు చెప్పిన 2,300 కొత్త పన్నుతోనా పాత పన్నుతోనా అని ఒక్క మాట అడిగితే వంద రెండు వందలు అక్కడే తగ్గొచ్చు.

బిగించేటప్పుడు టైరు పక్కన ఉన్న బాణం గుర్తు బండి ముందుకు పోయే వైపు తిరిగి ఉందో లేదో చూసుకోండి. గాలి చెయిన్ కవర్ దగ్గరున్న స్టిక్కర్ ప్రకారం పట్టించండి, ఒక్కరే ఉన్నప్పుడు ఒక అంకె, ఇద్దరున్నప్పుడు ఇంకొకటి ఉంటుంది. కొత్త టైరు మీద నున్నటి పొర ఉంటుంది, అది పోయేదాకా, అంటే మొదటి 150 కిలోమీటర్లు, గట్టి బ్రేకులూ బాగా వంచడాలూ వద్దు. మీకు అది మూడు రోజుల డ్యూటీ దూరమే. ఆ తర్వాతే ఇద్దరూ కొండకు వెళ్లండి.