గజ్జెలు ఇంట్లో పెట్టి వెళ్ళు

విజయవాడ, సత్యనారాయణపురం

చిరంజీవి బుజ్జికి, పిన్ని ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి గంటసేపు మాట్లాడింది. తేలిందేమిటంటే, నువ్వు ఉద్యోగానికి మూడు నెలలు సెలవు పెట్టి డిసెంబరులో అండమాన్ వెళ్తున్నావు. రాత్రిళ్ళు తాబేళ్ళ గుడ్లకు కాపలా కాస్తావు, పగలు అక్కడి పిల్లలకు చదువు చెబుతావు. "అవే తాబేళ్ళు మన సూర్యలంకకూ వస్తాయి కదా, గుంటూరులో బాపట్ల బస్సెక్కితే సరిపోయేదానికి సముద్రం దాటడం ఎందుకు?" అని మీ నాన్నగారు అన్నారట. నాకు నవ్వొచ్చింది కానీ, బావగారి మాట తీసిపారేసేది కాదు. ఆలివ్ రిడ్లీలు మన తీరంలోనూ గుడ్లు పెడతాయి, అటవీ శాఖ వాళ్ళు ఇక్కడా వాటిని ఏరి కాపాడుతూనే ఉన్నారు. కాబట్టి ఎవరైనా అడిగితే తాబేళ్ళ కోసమే వెళ్తున్నానని చెప్పకు. ద్వీపం చూడాలని ఉంది, పనిలో పనిగా ఎవరికైనా పనికొస్తానేమో చూస్తాను అని చెప్పు. 2006లో నేనూ ఆ ముక్క నాకు నేను ఒప్పుకుని ఉంటే చాలా తిప్పలు తప్పేవి.

సునామీ వచ్చి ఏడాది దాటాక వెళ్ళాను. నాకప్పుడు నలభై రెండేళ్ళు. ఇల్లూ వాకిలీ పోయినవాళ్ళు పోర్ట్ బ్లెయిర్ శివార్లలో రేకుల షెడ్లలో ఉండేవారు. (ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. నువ్వు విజయవాడ మీదుగా విజయపురం వెళ్తున్నావన్నమాట.) నా పెట్టెలో ఏమున్నాయో తెలుసా? రెండు జతల గజ్జెలు, అంచు మీద నిలబడి ఆడే తరంగానికి ఇత్తడి పళ్ళెం, పాటల క్యాసెట్లు, పిల్లలకు పంచడానికి నలభై తెలుగు వాచకాలు. పిల్లలందరూ హిందీలో చదువుతున్నారు! శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ బోలెడు ఉన్నా, ఆ షెడ్ల పిల్లలకు అక్షరాలు మాత్రం హిందీవే. మొదటి రోజు అక్కడి పెద్దాయన నా పెట్టె వైపు చూసి, "అమ్మా, పొద్దున నీళ్ళ ట్యాంకు వస్తుంది. వరుసలో ముసలివాళ్ళ బిందెలు మోయగలరా?" అని అడిగాడు. చుట్టూ సముద్రం ఉన్నా ఎండాకాలం వస్తే అక్కడ మంచినీళ్ళకు కటకటే. రెండు వారాలు బిందెలు మోశాను. ఆ తర్వాతే నా పేరు అడిగారు. నువ్వు కూడా మొదటి వారం ఏ పని చెబితే ఆ పని చెయ్యి. నీకు వచ్చిన విద్య ఏమిటో వాళ్ళే అడుగుతారు, తొందరపడకు.

ఇక గజ్జెల సంగతి. పది రోజులు తిరగకముందే మువ్వలు ఉప్పు గాలికి పచ్చగా చిలుము పట్టాయి. తోలు పట్టీకి బూజు. చింతపండు పెట్టి తోమితే మెరిసేవి, మర్నాటికి మళ్ళీ అంతే. పోతే పోయాయిలే కానీ, అవి లేకుండా నేను నేర్చుకున్నదే ఎక్కువ.

అక్కడ రాంచీవాళ్ళు అని ఉంటారు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో అడవి పనికి ఛోటా నాగపూర్ నుంచి తీసుకొచ్చిన ఆదివాసుల పిల్లలు, మనవలు. ఒకనాటి సాయంత్రం కరెంటు పోయింది. సాయంత్రం అంటే అయిదు దాటింది, అంతే. గడియారం మనదే అయినా అక్కడ సూర్యుడు బెజవాడ కంటే యాభై నిమిషాల ముందు పనికి దిగి ముందే పని మానేస్తాడు. ఆ చీకట్లో ఎవరో మాందర్ మోగించారు. మన మృదంగంలాగే రెండు వైపులా వాయించే మట్టి మద్దెల. ఆడవాళ్ళు వరుసగా నిలబడి, చేతులు నడుముల వెనక నుంచి పెనవేసుకున్నారు. నన్నూ లాగారు. నేను కూచిపూడి మనిషిని కదా, తాళం వినబడగానే మోకాళ్ళు పక్కలకు వంచి అరమండిలో నిలబడ్డాను. అడుగు ఎత్తి వేశాను, పక్కావిడ పాదం మీద పడింది. అరవై ఏళ్ళ మనిషి, చెప్పుల్లేవు. కోప్పడలేదు. నా మోచేతిని తన పక్కటెముకలకు గట్టిగా అదుముకుని, "పాదం ఎత్తకు, నేల మీద ఈడ్చు" అంది. కాసేపు పోయాక, "అమ్మాయీ, ఆ కళ్ళు ఎవరి కోసం తిప్పుతున్నావు?" అంది.

నిజమే, చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఊరంతా వరుసలోనే ఉంది. ఏడేళ్ళ వయసు నుంచి నాకు నేర్పింది ఎదురుగా కూర్చున్నవాడికి నా ముఖం కనబడాలి, చూపు అందాలి అనే. ఇక్కడ మూడు అడుగులు ముందుకు, రెండు వెనక్కి, పక్క మనిషి ఊపిరి ఎటు పోతే నువ్వూ అటు. నా గురువుగారు చూస్తే దీన్ని నాట్యం అనేవారు కాదేమో. నాకు మాత్రం ఆ రాత్రి తొడలు పీకినా నిద్ర హాయిగా పట్టింది. అందుకే చెబుతున్నాను, వెళ్ళీ వెళ్ళగానే వాళ్ళ పిల్లలను కూర్చోబెట్టి భామాకలాపం చూపించకు. అడిగితే చూపించు. ముందు వరుసలో నిలబడు.

స్నేహం గురించి మీ అమ్మ భయం వేరు, నా భయం వేరు. ఆవిడ భయం ఆవిడ చెప్పుకుంటుందిలే. నాది ఏమిటంటే, ఇలాంటి చోట్లకు వచ్చినవాళ్ళు మొదటి వారమే ప్రాణస్నేహితులు అయిపోతారు, రెండో వారం బకెట్టు దగ్గర పోట్లాడుకుంటారు. నేనూ కొట్టాయం నర్సు ఒకావిడా ఒకే గదిలో ఉండేవాళ్ళం. తడి బట్టలు ఆరేసే తాడు మీద మూడు వారాలు మాటలు లేవు. మా ఇద్దరినీ కలిపింది డిగ్లీపూర్ ప్రయాణం.

నలుగురం కలిసి సెలవు పెట్టి ఉత్తరానికి బయలుదేరాం. జిర్కాటాంగ్ దగ్గర చెక్‌పోస్టు, ఇంకా చీకటి. బస్సులూ జీపులూ అన్నీ అక్కడ ఆపి, పోలీసు కాపలాతో ఒకే గుంపుగా వదులుతారు. అక్కడి నుంచి దారి జారవాల అడవిలోంచి పోతుంది. బయటివాళ్ళకు దూరంగా అడవిలోనే బతికే ఆదివాసులు వాళ్ళు. ఆగకూడదు, ఫోటో తీయకూడదు, తినేవి విసరకూడదు అని చెప్పి మరీ పంపారు. అన్నీ విన్నాను, తల ఊపాను. అరగంట తర్వాత దారి పక్కన ఒక తల్లి, చంకలో బిడ్డ కనిపించేసరికి కెమెరా ఎత్తింది నేనే. నర్సు తన అరచేయి తెచ్చి కెమెరా కన్ను మీద పెట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఎంత రోషం వచ్చిందంటే, రేవు వచ్చేదాకా కిటికీలోంచి మెడ తిప్పలేదు. అక్కడ బస్సుతో సహా పంటు ఎక్కించారు, మన కృష్ణ మీద బల్లకట్టులాగా. నీళ్ళు ఊగాయి, అప్పటిదాకా ఘాట్ రోడ్డులాంటి మలుపులు తిరిగి తిరిగి నా కడుపు ముందే తిరిగి ఉంది. పంటు అంచు పట్టుకుని వాంతి చేసుకుంటుంటే నా జుట్టు వెనక్కి పట్టుకుంది ఆవిడే. సంచిలోంచి ఎండు ఉసిరి ముక్క తీసి నా నోట్లో పెట్టింది. ఇప్పటికీ ఓణానికి ఆవిడ నాకు, సంక్రాంతికి నేను ఆవిడకు ఫోను చేసుకుంటాం.

2012లో, ఆ దారిలోనే జారవా స్త్రీలకు తిండి ఆశ చూపి నాట్యం చేయించిన వీడియో బయటపడింది. పేపర్లో చదివిన రోజు క్లాసు చెప్పలేకపోయాను. కెమెరా ఎత్తినదాన్ని నేను కూడా కదా. ఆ రోడ్డును జారవాల ప్రాంతంలో మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, ఇప్పటికీ బస్సులు నడుస్తున్నాయి. నువ్వు ఉత్తరానికి ఓడలో వెళ్ళు. ఆలస్యమవుతుంది, టికెట్టుకు వరుసలో నిలబడాలి, అయినా ఓడలోనే వెళ్ళు. రోడ్డు ప్రయాణం సరదా కావాలంటే రంగత్ నుంచి మాయాబందర్, అక్కడి నుంచి డిగ్లీపూర్ ఉండనే ఉంది. పోక తోటలు, మధ్యమధ్య సముద్రం, బెంగాలీ టీ కొట్లు.

ఆ ద్వీపాల్లో ఒక్కటి తప్పకుండా చూడు. దక్షిణాన, పోర్ట్ బ్లెయిర్‌కు దగ్గర్లోని సిప్పీఘాట్‌లో సునామీ నాటి భూకంపానికి నేల కుంగి, పొలాల్లోకి వచ్చిన సముద్రం ఇక తిరిగి పోలేదు. వరి మళ్ళలో నీళ్ళు, నీళ్ళలో ఎండిపోయిన చెట్ల మొదళ్ళు. ఉత్తరాన మాత్రం అదే భూకంపానికి నేల పైకి లేచింది. నీళ్ళ కింద ఉండాల్సిన పగడాలు గాలికి తేలి చచ్చి, బూడిదరంగులో మోకాలెత్తు దిబ్బలుగా పడి ఉన్నాయి. వాటి మీద నడిస్తే చెప్పు కింద పెంకులు విరిగినట్టు చప్పుడు. ఇన్నేళ్ళకు అవి ఎలా ఉన్నాయో చూసి రాయి.

చిల్లర సంగతులు. మొసళ్ళున్నాయని బోర్డు ఉన్న చోట పాదం కూడా తడపకు, అవి ఉప్పునీటి మొసళ్ళు. గవ్వలూ పగడాలూ సంచిలో వేసుకోకు, విమానాశ్రయంలో పట్టుకుంటారు. ఇసుక ఈగలు కుడితే గోకకు. తాబేలు గట్టెక్కినప్పుడు టార్చి వెయ్యకు. ప్రయాణంలో ఖర్చుకు అందరూ సమానంగా వేసి ఒక్కరి దగ్గర డబ్బు ఉంచండి, ఆ ఒక్కరు నువ్వు కాకుండా చూసుకో. గోంగూర పచ్చడి రెండు సీసాలు పట్టుకెళ్ళు. ఒకటి మొదటి రోజే ఇచ్చెయ్యి.

చివరిగా, ఇది నీకు చెప్పాలని కాదు, ఎవరికీ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. షెడ్లలో తొమ్మిదేళ్ళ తెలుగు పిల్ల ఒకతి నా వెంటే తిరిగేది. వాచకాలు ఎలాగూ ఉన్నాయని దానికి తెలుగు అక్షరాలు నేర్పాను. వచ్చేసేటప్పుడు "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అంది. వచ్చే సంక్రాంతికి అన్నాను, నోటికి వచ్చింది కాబట్టి. తర్వాత దాని దగ్గర నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి, గుండ్రటి పెద్ద అక్షరాలతో. రెండింటికి జవాబు రాశాను. మూడోది ఇంకా గజ్జెల పెట్టెలోనే ఉంది. వెతకమని అడగను, ఇప్పుడు దానికీ పిల్లలు ఉండి ఉంటారు. నిన్ను ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే మాత్రం, తెలియదు అని చెప్పు. వాళ్ళు ఏడ్చినా సరే.

బయలుదేరే ముందు ఒక ఆదివారం ఇంటికి రా. ఆ రాంచీ అడుగు నాకింకా గుర్తుంది, నేర్పిస్తాను. మీ అమ్మను కూడా వెంట తీసుకురా, ఇద్దరితో వరుస కట్టలేం.

మీ పిన్ని