జలాంతర్గాముల్లో అణు క్షిపణులు ఎందుకు?

ప్రశ్న: నేలమీద స్థావరాలుండగా, అంత ఖర్చుపెట్టి అణు క్షిపణులను జలాంతర్గాముల్లో తిప్పడం దేనికి? దీనివల్ల యుద్ధభయం తగ్గుతుందా, పెరుగుతుందా?

జవాబు: నేలమీది క్షిపణి గోతులు ఎక్కడున్నాయో ఉపగ్రహాల పుణ్యమా అని ప్రత్యర్థికి ముందే తెలుసు. అందువల్ల దాడి మొదలైందన్న హెచ్చరిక రాగానే, అవి ధ్వంసం కాకముందే ప్రయోగించాలన్న ఒత్తిడి పాలకుల మీద పడుతుంది. ఆ హెచ్చరిక పొరపాటైతే జరిగే అనర్థాన్ని ఎవరూ సరిదిద్దలేరు. సముద్రంలో దాగిన క్షిపణులకు ఆ తొందర లేదు. మొదటి దెబ్బను తట్టుకుని ప్రతిదాడి చేయగల శక్తి మిగిలే ఉంటుందని తెలిస్తే, దాడికి దిగాలనుకున్నవాడు వెనకాడతాడు. అణు నిరోధమంటే ప్రధానంగా ఇదే.

1960 జూలై 20న అమెరికా జలాంతర్గామి ‘జార్జ్ వాషింగ్టన్’ నీటి అడుగునుంచే పొలారిస్ క్షిపణిని ప్రయోగించింది. దాని పరిధి సుమారు 2,200 కిలోమీటర్లే కనుక లక్ష్యానికి చేరువగా వెళ్లక తప్పేది కాదు. నేటి ట్రైడెంట్‌-2 పరిధి 7,000 కిలోమీటర్ల పైమాటే కాబట్టి, దాగేందుకు దొరికే సముద్రం ఎన్నో రెట్లు పెరిగింది. ప్రయోగవేళ, క్షిపణిని నిలిపి ఉంచిన గొట్టం అడుగున పుట్టే ఆవిరి పీడనం క్షిపణిని పైకి నెడుతుంది; అది నీటిని దాటాకే మోటారు అంటుకుంటుంది.

ఈ నౌకలు ఎంత నిశ్శబ్దంగా కదులుతాయంటే, 2009 ఫిబ్రవరిలో బ్రిటన్‌కు చెందిన ‘వాన్‌గార్డ్’, ఫ్రాన్స్‌కు చెందిన ‘త్రియోంఫాఁ’ అట్లాంటిక్‌లో ఢీకొన్నాయి. రెండూ అణ్వాయుధ జలాంతర్గాములే. ప్రాణనష్టం జరగకపోయినా, ఆ వార్త కలిగించిన ఆందోళన అసహజమైనదేమీ కాదు.

ఇక భయం సంగతి. జలాంతర్గామి తీరానికి దగ్గరగా వచ్చి ప్రయోగిస్తే ఎదుటివారికి దక్కే వ్యవధి మరీ తగ్గిపోతుంది. పైగా నేటి క్షిపణులకు గోతులను సైతం ఛేదించేంత గురి ఉంది. ఆత్మరక్షణకని దాచిన ఆయుధమే అవతలివారికి ముందస్తు దాడి సన్నాహంగా కనిపించవచ్చు. కాబట్టి తొందరపాటు తగ్గుతుందన్నది నిజమే గాని, భయం పోతుందనడం సరికాదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆదేశాల వ్యవస్థ. ఉప్పునీటిలోకి మామూలు రేడియో తరంగాలు చొచ్చుకుపోవు. అతి తక్కువ పౌనఃపున్య తరంగాలు కొన్ని మీటర్ల లోతుకు చేరినా, అవి మోయగల సమాచారం స్వల్పం. బదులిస్తే ఉనికి బయటపడుతుంది కనుక గస్తీలోని నౌక సాధారణంగా వింటుందే తప్ప మాట్లాడదు. ప్రభుత్వమే నాశనమైతే ఏం చేయాలో బ్రిటన్ ప్రధాని స్వహస్తాలతో రాసిన లేఖ అక్కడి ప్రతి అణ్వాయుధ జలాంతర్గామిలోనూ ఇనప్పెట్టెలో ఉంటుంది. అటువంటి ఘడియ వస్తే, లక్షలాది ప్రాణాల సంగతి ఆ లేఖ చదివిన కెప్టెన్ చేతిలో ఉంటుంది.