లిలి బూలాంజే గెలిచిన రోమ్ బహుమతి

ప్రశ్న: ఫ్రాన్స్ ప్రభుత్వం 1968 వరకు స్వరకర్తలకు ఇచ్చిన ‘ప్రి ద రోమ్’ (రోమ్ బహుమతి) ప్రథమ బహుమతిని తొలిసారి గెలిచిన మహిళ ఎవరు? ఆమె చదువు ఎలా సాగింది?

జవాబు: లిలి బూలాంజే. నేను ఎంతో ప్రేమించే స్వరకర్త కనుక ఆమె గురించి అడిగినందుకు సంతోషం. 1893లో పారిస్‌లో పుట్టారు. తండ్రి ఎర్నెస్ట్ 1835లో ఇదే బహుమతి గెలిచారు. లిలికి రెండేళ్లప్పుడు వచ్చిన న్యుమోనియా వల్ల ఆరోగ్యం ఎన్నడూ కుదుటపడలేదు. అందుకే చదువు ఎక్కువగా ఇంట్లోనే సాగింది. జార్జ్ కోసాద్ పాఠాలు చెప్పారు, తర్వాత ఆమె పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో పాల్ విడాల్ వద్ద చేరారు.

ఈ పోటీలోకి స్త్రీలను రానిచ్చిందే 1903లో. తుది అభ్యర్థులు కంపియేన్ కోటలో కొన్ని వారాలు బయటి ప్రపంచానికి దూరంగా ఉండి, ఇచ్చిన కవితకు గాత్రాలు, వాద్యబృందంతో సంగీతం కూర్చాల్సి ఉండేది. 1912లో జబ్బుపడి మధ్యలోనే వెనుదిరిగిన లిలి, మరుసటి ఏడాది ‘ఫౌస్ట్ ఎ ఎలెన్’ అనే రచనతో గెలిచారు. అప్పటికి వయసు 19! అక్క నాడియాకు 1908లో ద్వితీయ బహుమతే దక్కింది.

విజేతకు ప్రభుత్వ భృతితో రోమ్‌లోని విల్లా మెడిచీ భవనంలో నివాసం దక్కేది. లిలి 1914లో వెళ్లారు, మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో తిరిగొచ్చారు. 1918లో, 24 ఏళ్లకే కన్నుమూశారు. చివరి రచన ‘పియె జేసు’ను మంచం మీది నుంచి చెబుతుంటే నాడియా రాసుకున్నారు. అది తప్పక వినండి.