పైపులు గడ్డకడితే కంగారు పడకు

నాయనా,

నీ మెసేజ్ ఇప్పుడే చూశాను. మీరు ఉంటున్న ఆర్వీలో, అదే ఇల్లులా వాడుకునే బండిలో, చలికి ట్యాపు తిప్పితే చుక్క రావడం లేదు, పంపు మాత్రం రొద పెడుతోంది అన్నావు. ముందు ఆ పంపు స్విచ్ ఆపెయ్. వాటర్ హీటర్ కరెంటు మీద నడుస్తుంటే దాన్నీ ఆపు, నీళ్లు లేకుండా నడిస్తే కాయిల్ మాడిపోతుంది. ఆ తర్వాత మొహం కడుక్కుని రమ్మందామంటే నీళ్లే లేవాయె.

గడ్డకట్టిందని తెలిస్తే చాలామంది పరుగులు పెడతారు. అప్పుడు చేసే తొందర పనులే ఎక్కువ నష్టం తెస్తాయి. నీళ్లు మంచుగా మారితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. ఆ మంచుకీ మూసిన ట్యాపుకీ మధ్య ఇరుక్కున్న నీళ్లకి పోయే దారి ఉండదు, ఒత్తిడి పెరిగి బలహీనంగా ఉన్న చోట పగులుతుంది. అందుకే వేడివీ చల్లవీ ట్యాపులన్నీ తెరిచి పెట్టు, షవర్‌తో సహా. పెక్స్ అనే ప్లాస్టిక్ పైపు కాస్త సాగుతుంది గానీ మూలల్లో ఉండే ప్లాస్టిక్ జాయింట్లు, ఫిల్టర్ గిన్నె, టాయిలెట్ వెనక ఉండే వాల్వు అంత ఓర్చుకోవు.

ఒక్క ట్యాపే రాకపోతే తప్పు ఆ లైన్లోనే. ఏదీ రాకపోతే పంపు దగ్గరో, బండిలోకి నీళ్లు తెచ్చే బయటి గొట్టంలోనో. సింకు కింద సామాన్లు తీసేసి పైపుని చేత్తో తడుముతూ వెళ్లు. బయటి గోడని ఆనుకున్న చోట, నేల కిందికి దిగే చోట ఆగి చూడు. వేలికి జిల్లుమని తగిలి, పైన సన్నగా తెల్లటి పొర కనిపిస్తే అదే. హెయిర్ డ్రయ్యర్‌తో ట్యాపు వైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా ఆ గడ్డ వైపు వెళ్లు, కరిగిన నీళ్లకి బయటికి దారి ఉండాలి కదా. ఆ గాలిలో నీ చెయ్యి పెట్టి ఉంచగలిగినంత వేడి చాలు. మంట జోలికి మాత్రం పోకు. మరిగే నీళ్లూ పొయ్యకు.

ఇలాంటి బండిలో నా మొదటి చలికాలం సంగతి చెప్తాను. గ్యాస్ ఆదా అవుతుందని ఒక చిన్న కరెంటు హీటర్ మంచం పక్కన పెట్టుకున్నాను. దుప్పటి తన్నేసి హాయిగా పడుకున్నాను. తెల్లారి చూస్తే నీళ్లు లేవు. కారణం తెలియడానికి సగం రోజు పట్టింది. ఆ బండిలో ఫర్నేస్, అదే గ్యాస్‌తో నడిచే పెద్ద హీటర్, వదిలే వేడి గాలి ఒక గొట్టం గుండా నేల కింద ట్యాంకులు, పైపులు ఉన్న చోటుకీ వెళ్తుంది. నా హీటర్ వల్ల గది వెచ్చగా ఉండేసరికి థర్మోస్టాట్ తృప్తిపడి ఫర్నేస్‌ని నడవనివ్వలేదు. నేను వెచ్చగానే ఉన్నాను, నాకు రెండడుగుల కింద పైపులు గడ్డకట్టాయి. నీ బండిలో కూడా వేడి పైపుల దాకా వెళ్తోందా లేదా అన్నది చూసుకో. రాత్రి సింకు కింద తలుపులు తెరిచి ఉంచు. చలికి తట్టుకోలేక స్టవ్ వెలిగించి పడుకోవద్దని కోడలికి కూడా గట్టిగా చెప్పు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అలారం పనిచేస్తోందో లేదో ఈ పూటే నొక్కి చూడండి.

ట్యాపు సన్నగా వదిలి పెడితే గడ్డకట్టదని ఎవరైనా చెబుతారు. ఇళ్లలో అది చెల్లుతుంది. బండిలో ఆ సన్నటి ధార బయటి డ్రైన్ గొట్టంలోకి పోయి అక్కడ గడ్డకట్టి కూర్చుంటుంది. ఆ డ్రైన్ వాల్వు మూసి పెడితే వాడిన నీళ్ల ట్యాంకు నిండి షవర్ దగ్గర పైకి తన్నుతుంది. దాని బదులు లోపలి మంచినీళ్ల ట్యాంకు నింపుకుని, నీళ్లు తెచ్చే బయటి గొట్టం ఊడదీసి, నీళ్లు వంచేసి లోపల పెట్టుకో. డ్రైన్ వాల్వు మూసే ఉంచు, వాడిన నీళ్ల ట్యాంకు నిండినప్పుడే ఒక్కసారిగా వదులు. పైపుకి హీటింగ్ కేబుల్ చుడితే, మామూలు రకమైతే దాని మీద దాన్నే పడనివ్వకు, కాలుతుంది.

కొన్నాళ్లు బండి వదిలి వెళ్లాల్సి వస్తే నీళ్లన్నీ తీసేసి, వాటర్ హీటర్‌ని బైపాస్ చేసి, అంటే దానిలోకి ఏదీ పోకుండా పక్కనుంచి దారి మళ్లించి, ఆర్వీలకని అమ్మే గులాబీ రంగు యాంటీఫ్రీజ్, అదే గడ్డకట్టకుండా కాపాడే ద్రవం, పైపుల్లోకి ఎక్కించు. అది ప్రొపిలీన్ గ్లైకాల్ రకం అయి ఉండాలి. ఇంజన్‌లో పోసేది చాలావరకు ఇథిలీన్ గ్లైకాల్, విషం, మంచినీళ్ల లైన్లోకి రానివ్వకు. వాటర్ హీటర్‌లో నీళ్లు వదిలే ప్లగ్గు విప్పే ముందు ఆ హీటర్ పూర్తిగా చల్లారాలి, ప్రెషర్ కూడా వదిలెయ్యాలి.

నీళ్లు వచ్చాక సంబరపడి బయటికి వెళ్లిపోకు. మంచు అడ్డుగా ఉన్నంత సేపు పగులు కనపడదు, కరిగాకే కారుతుంది. ట్యాపులన్నీ మూసి, పంపు వేసి, అది ఆగాక ఒక పావుగంట నిశ్శబ్దంగా కూర్చో. ఎవరూ ట్యాపు తిప్పకుండానే మధ్యమధ్య అది టకటకమంటే ఎక్కడో కారుతోందన్నమాట. అప్పుడు పొడి టిష్యూ పేపర్ తీసుకుని ఒక్కో జాయింటుకీ అద్ది చూడు, చిన్న చెమ్మ కూడా తెలిసిపోతుంది. అర్థం కాకపోతే ఆ పంపు చప్పుడు ఫోన్లో రికార్డు చేసి పంపు, వింటాను.

మీ బాబాయ్