ఆ తెల్లటి తెరలో మీ అమ్మాయి ఆలోచన ఉంది

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఇంజినీరింగ్ వద్దు, ఇంటర్నెట్ కళ చేస్తానంటోంది. తను తయారుచేసిన వెబ్ పేజీ తెరిస్తే తెల్లటి తెర మీద ఒక అంకె తప్ప ఏమీ లేదు. ఇది కళ ఎలా అవుతుంది? దీనితో బతుకు గడుస్తుందా? – ఒక తండ్రి

జవాబు: మీరు పంపిన పేజీ తెరిచాను. నా అంకె 41, అంటే పేజీ తెరిచినవాళ్ల వరుసలో నా స్థానం. ముందున్నవాళ్లు పేజీ మూసేస్తేనే అది తగ్గుతోంది. 40. చాలాసేపటికి 39. వాళ్లెవరో తెలియదు, అయినా వాళ్ల వెనక నిలబడినట్టే ఉంది. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్ తలుపు ఎప్పుడు తీస్తారా అని చూసే చూపు గుర్తొచ్చింది. ఇదే బొమ్మగా గీసి ఉంటే ఆ నిరీక్షణను చూసేవాళ్లం. ఇక్కడ మనమే నిరీక్షిస్తున్నాం. అందుకే ఇది కళ అంటాను.

ఇటువంటి కళలో ఆలోచనే ముఖ్యమని అమెరికా కళాకారుడు సోల్ లెవిట్ 1967లోనే రాశారు. 1996లో రష్యాకు చెందిన ఒలియా లియాలినా, ఒక అమ్మాయికి యుద్ధం నుంచి తిరిగొచ్చిన ప్రియుడితో తెగిపోతున్న మాటలను బ్రౌజర్‌లో పెట్టారు. నొక్కినకొద్దీ తెర గళ్లు గళ్లుగా చీలిపోతుంది. మన ముంబయి కళాకారిణి శిల్పా గుప్తా 2003లో లండన్‌లోని టేట్ మ్యూజియం కోసం చేసిన ఇంటర్నెట్ పనిలో నెట్‌వర్క్ కేబుల్‌ను వేర్వేరు మతాల ప్రార్థనా స్థలాలకు తీసుకువెళ్లి ఆశీర్వాదం ఇప్పించారు. ఆమె చదివింది ఇంటర్నెట్ కళ కాదు, శిల్పకళ.

బతుకు సంగతి దాచకుండా చెబుతాను. ఇలాంటి పేజీని కొనేవాళ్లు అరుదు. దీన్నే నమ్ముకుని ఇల్లు నడపడం కష్టం. కానీ ఆ అంకె తగ్గడానికి మీ అమ్మాయి కోడ్ రాసింది. వెబ్ డిజైన్, మ్యూజియం ప్రదర్శనలు, ఆటల తయారీ వంటి చోట్ల జీతం వచ్చేది ఆ నేర్పుకే. కాబట్టి డిజైన్ చదివించండి. ఐఐటీల్లో డిజైన్ డిగ్రీ అయిన బీడిజైన్‌కు యూసీడ్, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)కి డాట్ అనే ప్రవేశ పరీక్షలున్నాయి. ఎంపీసీ వాళ్లూ రాయవచ్చు. దగ్గరలో కావాలంటే కడపలో ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. గీత గీయడం కూడా ఇప్పటినుంచే సాధన చేయించండి, ప్రవేశ పరీక్షల్లో అది తప్పదు.

మరో జాగ్రత్త. వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలను, ఆటలను నడిపిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌ను 2020 చివరలో అడోబీ సంస్థ ఆపేయగానే దానితో చేసిన ఎన్నో పనులు తెరుచుకోవడం మానేశాయి. అమ్మాయి పేజీకి కోడ్ ప్రతిని, తెర మీద నడుస్తుండగా తీసిన వీడియోను దాచమనండి.

ఈ ఆదివారం మీరూ ఆ పేజీ తెరిచి, అంకె ఒకటికి వచ్చేదాకా కూర్చోండి. తర్వాత ఆ తెరను తెల్లగా ఎందుకు ఉంచిందో అడిగి, జవాబును తెలుగులోనే ఒక పేజీ రాయించండి. తన పనులను చూపించే కట్టలో పైన పెట్టాల్సింది ఆ కాగితమే.